ఇంట్లో కట్టిన క్యాంపర్ ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరా? (బెంగళూరు నుంచి అరకు)

బెళ్లందూరు బండోడు
సంక్రాంతి సెలవుల్లో బెంగళూరు నుంచి అరకు ప్లాను. రూటు కోలార్, ముళబాగిలు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, అక్కణ్నుంచి ఎన్‌హెచ్ 16 మీద వైజాగ్, ఆపైన అనంతగిరి ఘాట్. ఒక వైపు సుమారు 1,100 కిమీ. లాగేది ఇన్నోవా క్రిస్టా. నలుగురం.

ట్రైలర్ వివరాలు: పొడవు 8 అడుగులు, వెడల్పు 5. చాసీ 50×50×3 ఎంఎస్ బాక్స్ ట్యూబు. గుజిరీలో దొరికిన మారుతి 800 వెనక ఇరుసుకి కమాన్లు (పట్టీ స్ప్రింగులు) వేసి బిగించాం. టైర్లు 145/80 ఆర్12. గోడలు, నేల, కప్పు అన్నీ 12 ఎంఎం ప్లైవుడ్, పైన అల్యూమినియం షీటు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, వెనక కిచెన్ కింద 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఒక గ్యాస్ బండ. ఖాళీగా 450 కిలోలు ఉంటుందని అంచనా.

బ్రేకులు కలపలేదు. ఇరుసుకి డ్రమ్ములైతే ఉన్నాయి. వెల్డింగ్ షాపుల్లో ఒకరు ఈమాత్రం బరువుకి బ్రేకెందుకంటే ఇంకొకరు బ్రేకు లేకుండా గేటు దాటించొద్దంటున్నారు. ఏది కరెక్టు?

నొగ_కాడి
అక్కర్లేదు. యూరప్‌లోనే 750 కిలోల దాకా బ్రేకుల్లేని ట్రైలర్లు తిరుగుతాయి. మన గల్లీల్లో చేయించే బ్రేకు కంటే లేకపోవడమే నయం.

ఇక్కడ చవగ్గా కుదిరేది ఒరవడి (ఓవర్‌రన్) బ్రేకొక్కటే. కారు నెమ్మదిస్తే ట్రైలర్ వచ్చి ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడికి లివర్ కదిలి హ్యాండ్‌బ్రేకు కేబుల్ లాగుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. దానికి కుదుపు మింగే డ్యాంపర్ లేకపోతే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా టకటకా కొట్టుకుంటుంది. రివర్స్ వేస్తే నొగ (ట్రైలర్‌ని కారుకి కలిపే ముందు కమ్మీ) లోపలికి నొక్కుకుని చక్రాలు పట్టేస్తాయి, దానికి వేరే లాకు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఘాట్‌లో సెకండ్ గేర్లో దిగుతున్నంతసేపూ ట్రైలర్ కారుని నెడుతూనే ఉంటుంది కాబట్టి ఆ బ్రేకు వదలదు. ఆ చిన్న డ్రమ్ములు కాలి, గ్రీజు కరిగి కారి లైనర్ల మీదకొస్తుంది. అరకు చేరేసరికి ఉన్న బేరింగులూ పోతాయి.

70 దాటకండి, ఇంజిన్ బ్రేకింగ్ వాడండి, చాలు.

డ్రమ్ బ్రేక్ దాసు
అన్నా, 750 అని సగం రూలే చెప్పావ్. బ్రిటన్‌లో 750 కిలోలు లేదా లాగే కారు ఖాళీ బరువులో సగం, రెంటిలో ఏది తక్కువైతే అది. పైగా అక్కడ కారుకి టోయింగ్ కెపాసిటీ ఎంతో కంపెనీయే రాసిస్తుంది. ఇక్కడ చాలా కార్ల మాన్యువల్లో ఆ అంకే కనపడదు.

సరే, లెక్క చేద్దాం. మైదానం నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కితే సుమారు 1,000 మీటర్లు. దిగేటప్పుడు 640 కిలోల ట్రైలర్ ఒక్కటే వదిలే శక్తి దాదాపు 6.3 మెగాజౌళ్లు. ఇంట్లోకి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాను గది వేడి నుంచి మరిగేదాకా కాయడానికి సరిపోయేంత వేడి అది. ఇంజినూ గాలీ కొంత తింటాయి, నిజమే. మిగిలిందంతా కారు బ్రేకుల మీదే పడుతుంది, అదీ నలుగురు మనుషులున్న కారు సొంత వేడికి అదనంగా. 2,150 కిలోలకి చేసిన పని 2,790 కిలోలకి చేయాలి.

ఒరవడి బ్రేకు ఘాట్‌లో కాలుతుందన్నది నిజమే, కాదనను. అందుకే ఎలక్ట్రిక్ డ్రమ్ము అంటాను. డ్రైవర్ దగ్గర కంట్రోలర్ ఉంటుంది, ఎంత పట్టాలో మనమే పెట్టుకోవచ్చు, ట్రైలర్ తోక ఊపితే, అంటే అటూ ఇటూ ఊగితే, దాని బ్రేకు ఒక్కటే చేత్తో నొక్కొచ్చు. దానితోపాటు ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకు పట్టించే బ్రేక్‌అవే స్విచ్చు, దానికో చిన్న బ్యాటరీ. సామాను తెప్పించుకోవాలి, ఖర్చు ఎక్కువ, ఒప్పుకుంటా.

నొగ_కాడి
640 ఎక్కణ్నుంచి వచ్చింది? ఆయన 450 అన్నాడు కదా.

పీణ్యా వెల్డింగ్
దాసు గారి అంకే కరెక్టు. ఖాళీ బరువు అంచనా వేసేవాళ్లంతా చాసీ, ఇరుసు, పెట్టె కూడి ఆపేస్తారు. నేను కూడుతున్నా చూడండి. ఆ ట్యూబు మీటరుకి 4.3 కిలోలు, 22 మీటర్లకి 95. ఇరుసు, కమాన్లు, చక్రాలు, స్టెప్నీ కలిపి 90. 12 ఎంఎం ప్లైవుడ్ 8×4 షీటు ఒక్కటి 24 కిలోలు, ఆరు షీట్లంటే 145. అల్యూమినియం షీటు, చట్రాలు 40. తలుపు, కిటికీలు, పరుపు 45. ట్యూబులర్ బ్యాటరీ 55. నీళ్లు 60. నిండు బండ 29. ఫ్రిజ్ 20. బట్టలు, గిన్నెలు, కుర్చీలు 60. మొత్తం 639.

ఇప్పుడు అసలు సంగతి. 145/80 ఆర్12 టైరు లోడ్ ఇండెక్స్ 74 అయితే ఒక్కోటి 375 కిలోలు మోస్తుంది, జతకి 750. అక్కడికి ఓకే. కానీ మారుతి 800 కారు నిండుగా ఎక్కించినా మొత్తం సుమారు 1,000 కిలోలే. అందులో వెనక ఇరుసు మీద పడేది సగానికి అటూ ఇటూ. మీరు నొగ మీద 60 వదిలేసినా ఇరుసు మీద 580 పెడుతున్నారు. బ్రేకు ఉందా లేదా అని కొట్టుకునే ముందు ఇది చూడండి. ఇరుసు మధ్యలో వంగితే టైర్ల లోపలి అంచు కత్తిరించినట్టు అరిగిపోతుంది. నెల్లూరు చేరేసరికే తెలుస్తుంది.

ఇంకోటి. కమాన్ సీట్లు ఇరుసుకి వెల్డ్ చేశారా, యూ బోల్టులా? ఇరుసు కింది వైపు అడ్డంగా వెల్డింగ్ పెట్టకూడదు, బరువుకి సాగేది ఆ ముఖమే, పగులు అక్కడే మొదలవుతుంది. యూ బోల్టులైతే మొదటి 100 కిమీ తర్వాత మళ్లీ బిగించాలి, పెయింటు నలిగి వదులవుతాయి.

నొగ రెండు కమ్మీలు చాసీ ముందు అడ్డకమ్మీకి అతికించి వదిలేయడం అందరూ చేసే తప్పు. అవి చాసీ కిందుగా ముందు కమాన్ బ్రాకెట్ దాకా పోవాలి. కలిసే చోట పెయింటు మీద వెంట్రుకంత తుప్పు గీత కనబడిందా, అది తుప్పు కాదు, పగులు. నీళ్లు లోపలికి దిగి గోధుమ రంగు బయటికొస్తుంది.

ఆర్సీ చూపించు
అందరూ ఇనుము మాట్లాడుతున్నారు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. పట్టుబడితే సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా జరిమానా. అది చిన్న విషయం. రిజిస్టర్ కాని ట్రైలర్‌కి ఇన్సూరెన్స్ రాదు, నొగ ఊడి ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబులోంచి, జీవితాంతం.

ఇంట్లో కట్టినదాన్ని ఆర్టీవో ఊరికే రాసుకోడు. ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు)తో పాటు తయారీదారు ఇచ్చే ఫారం 22 (రోడ్డుకి పనికొస్తుందన్న సర్టిఫికెట్) అడుగుతాడు, దాని వెనక ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షల ఏజెన్సీ చేసిన ప్రొటోటైప్ టెస్టు ఉండాలి. ఒక్క ట్రైలర్ కోసం ఎవరూ చేయించలేరు. కుదిరే దారి ఒకటే: అప్రూవల్, చాసీ నంబరు ఉన్న చిన్న లోడు ట్రైలర్ కొని రిజిస్టర్ చేయించి, పెట్టె కట్టే ముందు సెక్షన్ 52 కింద మార్పుకి అనుమతి తీసుకోవడం. అలాంటి ట్రైలర్‌కి ఇరుసు కూడా లెక్కప్రకారం వస్తుంది.

పైకప్పు టెంట్
ఈ తిప్పలన్నీ ఎందుకు? కారు పైన టెంటు వేసుకోండి. 60 కిలోలు, ఆర్సీ గొడవ లేదు, బేరింగు లేదు.

నొగ_కాడి
నలుగురు ఒక టెంట్లో ఎలా పడుకుంటారయ్యా. పైగా పైకప్పు మోసే పరిమితి కూడా మాన్యువల్లో చూసుకోవాలి, చాలా కార్లకి అది 75, 100 కిలోలే.

బెళ్లందూరు బండోడు
పీణ్యా గారూ, కూడిన లెక్క చూసి నోట మాట రాలేదు. బరువు ఎక్కడ తీయొచ్చు? ఆర్సీ సంగతి విడిగా చూస్తున్నా, అప్రూవ్డ్ చాసీ దొరికితే పెట్టె దాని మీదకి మారుస్తా.

పీణ్యా వెల్డింగ్
బ్యాటరీతో మొదలుపెట్టండి. 150 ఏహెచ్ ట్యూబులర్‌లో సగమే వాడుకోవాలి, అంటే 75. 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్‌లో 80, 90 వాడొచ్చు, బరువు 12. అక్కడ 43 పోయాయి. గోడలకి పట్టే నాలుగు షీట్లు 12 ఎంఎం బదులు 6 ఎంఎం వేసి లోపల సన్నని కమ్మీలు పెడితే ఇంకో 48. నీళ్లు ఒక 20 లీటర్ల క్యాను చాలు, ఎన్‌హెచ్ 16 మీద నీళ్లకి కరువా? 40. పెద్ద బండ బదులు 5 కిలోల సిలిండర్, 18. మొత్తం 149. అంటే 490కి దిగుతుంది.

లిథియం పెడితే కారు నుంచి నేరుగా వైరు కలపొద్దు. కొత్త కార్ల ఆల్టర్నేటర్ ఓల్టేజీ తగ్గించేస్తుంది. 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ కావాలి, అదీ ట్రైలర్ వైపు, బ్యాటరీ పక్కన. 6 చదరపు మిమీ వైరు 7 మీటర్లు పోను, 7 రాను అంటే 20 ఆంపియర్లకే దాదాపు 0.9 వోల్టు దారిలో పోతుంది. 10 చదరపు మిమీ అయితే అర వోల్టు. రెండు చివరలా ఫ్యూజు.

బండి నడుస్తున్నప్పుడు గ్యాసు కట్టేయాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి సిలిండర్ అరకి రంధ్రం నేల మట్టానికి ఉండాలి, పైన పెడితే లాభం లేదు.

డ్రమ్ బ్రేక్ దాసు
నీళ్ల ట్యాంకు వెనక ఉండటం ఎవరూ పట్టించుకోలేదు. ఎడ్లబండి తోలినోళ్లకి చెప్పక్కర్లేదు, వెనక బరువెక్కితే నొగ పైకి లేస్తుంది. ఇదీ అంతే. ఇరుసు నుంచి బాలు (కారు వెనక నొగ తగిలించే గుండు) దాకా 2.6 మీటర్లు, ట్యాంకు ఇరుసుకి 1.2 మీటర్లు వెనక అనుకుంటే, 60 లీటర్లు నింపగానే నొగ బరువులో 28 కిలోలు మాయం. ఖాళీ ట్యాంకుతో 55 చూసి బాగుందనుకుని బయల్దేరతారు, నిండాక అది 27. మొత్తం బరువులో కనీసం పదో వంతు నొగ మీద ఉండాలి. లేకపోతే 80 దగ్గర పక్కనుంచి వోల్వో బస్సు పోగానే ఆ గాలికి తోక ఊపడం మొదలవుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే ఇంకా ఊపుతుంది. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ కదపకుండా పట్టుకోవాలి.

అందుకని నీళ్లు, బ్యాటరీ ఇరుసు మీదకి లేదా కాస్త ముందుకి జరపండి.

బెళ్లందూరు బండోడు
నొగ బరువు ఎలా చూడాలి? లైట్ల సంగతి కూడా చెప్పండి, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా కన్ను కొడుతున్నాయి.

పీణ్యా వెల్డింగ్
కన్ను కొట్టడం ఎర్త్ లోపం. బాలు ద్వారా ఎర్త్ వస్తుందని వదిలేసి ఉంటారు, బాలుకి గ్రీజు రాస్తాం కదా. 7 పిన్ సాకెట్లో 3వ పిన్ను, తెల్ల వైరు, దాన్ని చాసీకి పెయింటు గీకి బోల్టుతో కట్టండి. మిగతావి 1 ఎడమ ఇండికేటర్ పసుపు, 4 కుడి ఇండికేటర్ ఆకుపచ్చ, 5 కుడి టెయిల్ గోధుమ, 6 స్టాప్ ఎరుపు, 7 ఎడమ టెయిల్ నలుపు. కారు బల్బు వైర్లు కోసి కలపకుండా రిలే బాక్సు పెట్టండి.

నొగ బరువుకి ఇంట్లో తూకం మిషను చాలు. నేల చదునుగా ఉండాలి, చక్రాలకి అటూ ఇటూ రాళ్లు. మిషను మీద చెక్క ముక్క నిలబెట్టి, కప్లర్ (బాలు మీద కూర్చునే నొగ కొస) సరిగ్గా కారు బాలు ఎత్తుకి వచ్చేలా దాని మీద ఆనించాలి. ఎత్తు తేడా ఉంటే అంకె తప్పుతుంది. అన్నీ ఎక్కించి, నీళ్లు నింపి ఒకసారి, నీళ్లు తీసి ఒకసారి.

మొత్తం బరువుకి వేబ్రిడ్జికి పోండి. ట్రైలర్ విప్పి ఒక్కదాన్నే ఒక తూకం, కారుకి తగిలించి ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఇంకో తూకం. రెంటి తేడా నొగ బరువు. కాటా 5, 10 కిలోల మెట్లలో చూపిస్తుంది కాబట్టి నొగకి మాత్రం ఇంటి మిషన్నే నమ్మండి.

నొగ_కాడి
490 అయితే నా మాటే గెలిచింది. బ్రేకు వద్దు. కలిపేటప్పుడు సేఫ్టీ చైన్లు రెండూ కత్తెరలా అడ్డంగా వేయండి, నొగ ఊడినా నేలకి గుచ్చుకోకుండా ఊయలలా పట్టుకుంటాయి. హొసకోటె దాటి 50 కిమీ దగ్గర ఆగి హబ్బులు చేత్తో ముట్టుకోండి, చెయ్యి ఆనించి ఉంచగలిగితే బాగున్నట్టు. ఒకటి చల్లగా, ఒకటి కాలుతూ ఉంటే ఆ వైపు బేరింగు సంగతి చూడాల్సిందే. ఒక సెట్టు బేరింగులు, ఆయిల్ సీల్, స్ప్లిట్ పిన్నులు, గ్రీజు డబ్బా స్టెప్నీ పక్కనే ఉండాలి, ఆ సైజు హైవే మీద పంచర్ షాపుల్లో దొరకదు.

డ్రమ్ బ్రేక్ దాసు
490కి మొగిలి ఘాట్ దాకా ఒప్పుకుంటా, అది చిన్నది, సెకండ్ గేర్లో దిగండి. అనంతగిరి ఘాట్‌కి బ్రేకు లేకుండా ఒప్పుకోను. ఎలక్ట్రిక్ బ్రేకు ఈ సంక్రాంతికి కుదరకపోతే ట్రైలర్ శృంగవరపుకోటలో తెలిసినవాళ్ల ఆవరణలో నిలిపి, చక్రాలకి తాళం వేసి, కారు ఒక్కటే పైకి తీసుకెళ్లండి. లేదా వైజాగ్ నుంచి అరకు రైలు ఉంది, పిల్లలకి ఆ సొరంగాలు కారు కంటే బాగుంటాయి.

నొగ_కాడి
రైలుకైతే నా దగ్గర వాదన లేదు.