మోటుపల్లి అభయ శాసనం: ఓడలను దోచుకున్నది ఎవరు?

ప్రశ్న:
ఓడదొంగల చరిత్ర అనగానే మనం కొంకణ, మలబారు తీరాల గురించే చదువుతాం. ఓడల దోపిడీ మన కోస్తా చరిత్రను కూడా మలచిందని చెప్పవచ్చునా? కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనాన్ని ఈ కోణంలో చూడవచ్చునా, లేక అది కేవలం సుంకాల పట్టికేనా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
తప్పక చూడవచ్చు. అయితే అక్కడ దోచుకున్నవారు దొంగలు కారు, రాజులే. దేశాంతరాలకు పోతూ గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని క్రీ.శ. 1244–45 నాటి ఆ శాసనమే ఒప్పుకుంటుంది. తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం 30వ వంతు. ప్రాణం కంటే ధనమే గొప్పదని తలచి సముద్రయానానికి సాహసించినవారని వర్తకులను వర్ణించడంలో, జాలితో పాటు కాస్త ఎత్తిపొడుపు కూడా ఉందని నాకనిపిస్తుంది.

రెండవ సమాధానం:
కృప, కీర్తి, పుణ్యం అని శాసనం చెప్పుకున్నా, అసలు కారణం ఖజానాయేనని నా అభిప్రాయం. పగిలిన ఓడ ఒక్కసారే దక్కుతుంది, క్షేమంగా వచ్చిపోయే ఓడ ఏటా సుంకం కడుతుంది. పడమటి తీరంలో పరిస్థితి వేరు. అక్కడి ఓడదొంగలు ఇరవై ముప్పై ఓడలను ఐదేసి మైళ్ల ఎడంతో వరుసగా నిలిపి, వర్తకుల ఓడ కనబడగానే నిప్పుతోనో పొగతోనో సైగ చేసుకొని చుట్టుముట్టేవారని 13వ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో రాశాడు. మలబారులోని ఏలి రాజ్యంలోనైతే, వేరే రేవుకు పోవలసిన ఓడ అక్కడికి వస్తే, దేవుడే మా దగ్గరికి పంపాడంటూ సరకంతా స్వాధీనం చేసుకునేవారట. అదే యాత్రికుడు మోటుపల్లిని ‘ముత్ఫిలి’ అని పేర్కొని, అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను మెచ్చుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కాకతీయుల తరువాత ఆ అభయం నిలిచిందా?

మూడవ సమాధానం:
దానంతటది నిలిచినట్లు లేదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత, రెడ్డి రాజు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మరొక శాసనం వేయించి వర్తకులకు మళ్లీ మాట ఇవ్వవలసి వచ్చింది. సంతానం లేని వర్తకుడు చనిపోతే ఆస్తిని రాజు తీసుకునే ‘అపుత్రిక’ పద్ధతిని అందులో రద్దు చేశాడు. రేవుకు వచ్చినవారు తమకు ఇష్టమైనప్పుడు అడ్డంకి లేకుండా వెళ్లిపోవచ్చునని కూడా హామీ ఇచ్చాడు. అంతకుముందు ఎవరో ఒకరు వారిని నిర్బంధించి ఉండకపోతే ఇంత స్పష్టంగా రాయించవలసిన అవసరం ఉండేది కాదు.