స్టాపోవర్‌తో రెండో దేశం చూడటం నిజంగా ఉచితమేనా? ఒకే టికెట్టా, విడివిడిగానా?

కిటికీసీటు (మారతహళ్లి, బెంగళూరు)
జనవరిలో బెంగళూరు నుంచి సిడ్నీ వెళ్లాలి. నలుగురం: మేమిద్దరం, అమ్మ, నాన్న. దారిలో సింగపూర్‌లో మూడు రోజులు ఆగుదామని ఆలోచన. "స్టాపోవర్ పెట్టుకో, పైసా ఎక్కువ పడదు" అని ఆఫీసులో అందరూ చెబుతున్నారు. కానీ మల్టీసిటీలో (ఒకే బుకింగ్‌లో ఎన్నో ఊళ్లు కలిపి) వెతికితే మామూలు రానుపోను టికెట్ కంటే మనిషికి 14 వేలు ఎక్కువ చూపిస్తోంది. అసలు ఉచితం అనేది ఉందా? లేకపోతే సింగపూర్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి సిడ్నీకి వేరే టికెట్ తీసుకోవడం మేలా? తెలిసినవాళ్లు వాదించుకోండి, చదివి నిర్ణయించుకుంటాం.

టికెట్‌కౌంటర్ (నుంగంబాక్కం, చెన్నై)
ముందు లెక్క ఎలా పడుతుందో చూద్దాం. అంతర్జాతీయ ప్రయాణంలో మధ్య ఊళ్లో 24 గంటల లోపు ఆగితే అది కనెక్షన్. 24 గంటలు దాటితే స్టాపోవర్. బెంగళూరు–సిడ్నీ ఫేర్ (టికెట్ ధర) నియమాల్లో "స్టాపోవర్లు" అని ఒక భాగం ఉంటుంది. ఎన్ని అనుమతిస్తారు, ఉచితమా, రుసుమా అన్నది అక్కడే రాసి ఉంటుంది. చవక రకం ఫేర్లలో అనుమతి ఉండకపోవచ్చు, లేదా రుసుము పడొచ్చు. కాబట్టి ఎయిర్‌లైన్ "ఉచితం" అని ప్రకటించినా, మీరు పట్టుకున్న ఫేర్‌కి అది వర్తిస్తుందో లేదో వేరే సంగతి.

మీకు 14 వేలు పెరగడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణం సీట్ల లెక్క. బెంగళూరు–సిడ్నీ మొత్తంగా అడిగినప్పుడు ఎయిర్‌లైన్ చవక తరగతి సీట్లు ఇస్తుంది. అదే మీరు మధ్యలో మూడు రోజులు పెడితే, బెంగళూరు–సింగపూర్ ఒక విడి ప్రయాణంగా, సింగపూర్–సిడ్నీ ఇంకో విడి ప్రయాణంగా లభ్యత చూస్తుంది. ఏ ఒక్క ముక్కలో చవక తరగతి అయిపోయినా పై తరగతి పడుతుంది.

వెతికే పద్ధతి ఇది. మొదట ఏ స్టాపూ పెట్టకుండా రానుపోను ధర చూసి పక్కన రాసుకోండి. తర్వాత మల్టీసిటీలో మూడు ముక్కలు: బెంగళూరు–సింగపూర్, సింగపూర్–సిడ్నీ, సిడ్నీ–బెంగళూరు. సిడ్నీ–బెంగళూరు ముక్కని సింగపూర్ దగ్గర విరగ్గొట్టొద్దు, కనెక్షన్‌గానే వదలండి. ధర ఎక్కువొస్తే రెండో ముక్క తేదీని ఒక రోజు ముందుకి, ఒక రోజు వెనక్కి జరపండి. అప్పటికీ తగ్గకపోతే స్టాప్‌ని తిరుగు ప్రయాణంలోకి మార్చి చూడండి. చాలాసార్లు అక్కడ దొరుకుతుంది.

టికెట్ చేతికొచ్చాక దాని మీద ఊళ్ల కోడ్‌లతో ఉండే ఫేర్ లెక్క వరుస ఒకసారి చదవండి. ఊరి కోడ్ ముందు "ఎక్స్/" (X/) ఉంటే కనెక్షన్. ఏమీ లేకుండా ఊరి కోడ్ ఒక్కటే ఉంటే స్టాపోవర్‌గా ఇచ్చినట్టు. ఏజెంట్ దగ్గర కొన్నప్పుడు ఇది తప్పకుండా చూడాలి.

విడిటికెట్లవీరుడు (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్, బెంగళూరు)
ఇంత గొడవ ఎందుకండీ? విడివిడిగా కొనుక్కోండి. బెంగళూరు–సింగపూర్ ఇండిగో ఉంది, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఉంది. చెన్నై నుంచైతే స్కూట్ కూడా ఉంది. అక్కడ మూడు రోజులుండి వేరే కంపెనీలో సిడ్నీ వెళ్లొచ్చు. ఏ ముక్క చవకైతే అది కొనొచ్చు. ఒకే టికెట్‌లో ఇంకో ఉచ్చు ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మధ్యలో ఒక్క విమానం ఎక్కకపోతే మిగతా ముక్కలన్నీ రద్దవుతాయి. సింగపూర్‌లో నాన్నగారికి జ్వరమొచ్చి సిడ్నీ విమానం వదిలేస్తే, ముందే ఫోన్ చేసి మార్చుకోకపోతే, తిరుగు టికెట్ కూడా పోతుంది. విడి టికెట్లలో ఆ బాధ లేదు, పోతే ఒక ముక్క పోతుంది.

టికెట్‌కౌంటర్
రద్దు సంగతి నిజమే. ఎక్కకుండా ఊరుకోకూడదు, బయలుదేరే ముందే మార్పు చేయించుకోవాలి. అయితే మీ వాదానికి ఉన్న అసలు బలం మీరు చెప్పలేదు. విడి టికెట్లలో అందరూ భయపడేది కనెక్షన్ తప్పిపోతుందని. మూడు రోజులు ఆగేవాళ్లకి ఆ భయం దాదాపు లేదు, ఇండిగో ఆరు గంటలు ఆలస్యమైనా సిడ్నీ విమానం దొరుకుతుంది. కాబట్టి ఇక్కడ తేల్చాల్సింది రక్షణ గురించి కాదు, ధర గురించీ లగేజీ గురించీ.

ధరలో ఒకే టికెట్టే సాధారణంగా గెలుస్తుంది. ఎందుకంటే సింగపూర్–సిడ్నీ ఒక్కదాన్నీ ఆ ఊరివాళ్లు కొనే ధరకే మీరూ కొనాలి. జనవరి అంటే ఆస్ట్రేలియాలో వేసవి సెలవులు, ఆ ముక్క మండిపోతుంది. లగేజీ విషయానికొస్తే చవక ఎయిర్‌లైన్లలో చెక్ఇన్ బ్యాగుకి విడిగా కట్టాలి. ఎయిర్‌ఏషియా లాంటివాటిలో చేతి సామానుకి 7 కిలోల పరిమితి. నలుగురికి, రానుపోను, ప్రతి ముక్కకీ బ్యాగు డబ్బు కలిపాకే పోల్చండి. చాలామంది పోల్చేది టికెట్ ధరొక్కటే.

పెరంబూరుపక్షి (చెన్నై)
వీసా గురించి ఎవరూ మాట్లాడలేదేం? భారతీయ పాస్‌పోర్టుకి సింగపూర్ వీసా కావాలి. ఒక మినహాయింపు ఉంది: ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజిలాండ్, స్విట్జర్లాండ్, బ్రిటన్, అమెరికా దేశాల్లో ఏదో ఒకదాని చెల్లుబాటు వీసా ఉంటే, మూడో దేశానికి వెళ్తూనో అక్కణ్ణుంచి వస్తూనో 96 గంటల వరకు వీసా లేకుండా ఆగొచ్చు. కిటికీసీటు గారికి ఆస్ట్రేలియా వీసా ఎలాగూ ఉంటుంది కాబట్టి మూడు రోజులు సరిపోతాయి. అయితే కొన్ని మెలికలు ఉన్నాయి. 96 గంటల లోపు బయటికెళ్లే ఖరారు టికెట్ చేతిలో ఉండాలి. పొడిగింపు ఉండదు. ఒకసారికే పనికొచ్చే వీసా అయితే అది తిరుగు ప్రయాణంలో, ఆ దేశం నుంచి వస్తున్నప్పుడే వర్తిస్తుంది. లోపలికి రానివ్వడం సరిహద్దు అధికారి చేతిలో ఉంటుంది. ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించరు కాబట్టి వీసా మంజూరు లేఖని నలుగురిదీ ముద్రించి పెట్టుకోండి. బెంగళూరు చెక్ఇన్ కౌంటర్‌లోనే అడుగుతారు. సింగపూర్ అరైవల్ కార్డు చేరే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైట్లు నకిలీవి.

నాలుగు రోజులు మించి ఆగాలంటే సింగపూర్ వీసా ఏజెంటు ద్వారా తీసుకోవాల్సిందే. లేదా మలేషియా చూడండి. 2026 డిసెంబర్ 31 వరకు భారతీయులకు 30 రోజులు వీసా అక్కర్లేదు, డిజిటల్ అరైవల్ కార్డు ఒక్కటే; మీ ప్రయాణం ఆ తేదీ తర్వాతైతే ముందే చూసుకోండి. మలేషియా ఎయిర్‌లైన్స్ బెంగళూరు, చెన్నై రెండింటి నుంచీ కౌలాలంపూర్‌కి, అక్కణ్ణుంచి సిడ్నీకి ఎగురుతుంది. పినాంగ్, లంకావీ లాంటి చోట్లకి దేశీయ టికెట్‌ని పన్నులు మాత్రమే కట్టించుకుని కలిపే పథకం ఒకటి నడుపుతోంది. ఎయిర్‌లైన్ సైట్‌లోనే, మొదటి బుకింగ్‌లోనే కలపాలి, తర్వాత అడిగితే కుదరదు. నా ఓటు దానికే.

ఇరవైమూడుగంటలు (కోరమంగళ, బెంగళూరు)
మూడు రోజులు ఎందుకు? 22 గంటల కనెక్షన్ తీసుకోండి. అది స్టాపోవర్ కాదు, ఫేర్ నియమం తాకదు, బ్యాగులు నేరుగా సిడ్నీ వెళ్లిపోతాయి. సింగపూర్ నుంచి కొత్తగా బయలుదేరేవాళ్లు కట్టే విమానాశ్రయ రుసుములు ఎకానమీ తరగతిలోనే 60 సింగపూర్ డాలర్లు దాటుతాయి. కనెక్షన్ ప్రయాణికుడికి పడేది అందులో కొద్ది భాగం. ఆ తేడా నలుగురికి వేసుకోండి! "ఉచిత స్టాపోవర్" అన్నవాళ్లు ఈ పన్ను గురించి చెప్పరు, టికెట్ ధరలో కలిసిపోతుంది కాబట్టి కనిపించదు. పైగా చాంగీలో (సింగపూర్ విమానాశ్రయంలో) ఐదున్నర గంటల నుంచి 24 గంటల లోపు ఆగేవాళ్లకి ఉచిత నగర యాత్ర ఉంది, లోపలికి వెళ్లే అర్హత ఉంటే చాలు.

లండన్‌లో అయితే ఇంకా దారుణం. 24 గంటలు దాటితే అక్కణ్ణుంచి బయలుదేరేటప్పుడు ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే పన్ను పడుతుంది. దూరప్రయాణానికి ఎకానమీ తరగతిలోనే 100 పౌండ్ల దరిదాపు. కనెక్షన్ అయితే సున్నా.

విడిటికెట్లవీరుడు
22 గంటల్లో ఏం చూస్తారు, ముస్తఫా సెంటరూ మెర్లయనూనా? అమ్మానాన్నలతో అయితే హోటల్ చేరేసరికే సగం పూట అయిపోతుంది. పైగా మన వైపు నుంచి సింగపూర్ వెళ్లే విమానాలు చాలావరకు రాత్రి బయలుదేరి తెల్లవారుజామున దిగుతాయి. హోటల్ గది మధ్యాహ్నం రెండూ మూడింటికి గానీ ఇవ్వరు. "మూడు రాత్రులు" అనుకున్నవాళ్లు ముందురోజు రాత్రికి కూడా కట్టి ఉదయం ఆరింటికి గదిలోకి వెళ్లాలి, లేదా లాబీలో ఎనిమిది గంటలు కూర్చోవాలి. పెద్దవాళ్లుంటే ఆ అదనపు రాత్రిని ఖర్చులో ముందే వేసుకోండి.

గోంగూరబ్యాగు (అంబత్తూరు, చెన్నై)
అందరూ మర్చిపోయే సంగతి ఒకటి. కనెక్షన్ అయితే మీ చెక్ఇన్ బ్యాగు మామూలుగా మధ్య దేశపు కస్టమ్స్ దాటదు. స్టాపోవర్ అయితే దాటుతుంది. సిడ్నీలో బంధువుల కోసం కట్టిన బ్యాగు సింగపూర్ చట్టం కింద తెరవొచ్చు. గసగసాలు పెట్టొద్దు. దుబాయ్, అబుదాబిలో అయితే మరీ ప్రమాదం, అక్కడ మాదకద్రవ్యం కింద లెక్క. సింగపూర్‌కి నమిలే పొగాకు, గుట్కా, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ తీసుకెళ్లొద్దు. సిగరెట్లకి అక్కడ సుంకం మినహాయింపు అసలు లేదు, ఒక్క పెట్టె ఉన్నా చెప్పాలి. దగ్గు మందుల్లో కోడీన్, నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఉంటే గల్ఫ్ దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి, నాన్నగారి మందుల పెట్టె ఒకసారి చూసుకోండి. తిరుగు ప్రయాణంలో దోహాలో ఆగేవాళ్లు సీసా కొనుక్కురాకండి, ఖతార్ లోపలికి మద్యం తీసుకెళ్లనివ్వరు.

సిడ్నీలో దిగేటప్పటి సంగతి వేరు: పచ్చళ్లు, పొడులు, గింజలు ఏదున్నా దిగేటప్పుడు నింపే ప్రయాణికుల కార్డులో రాయాలి. పచ్చి కరివేపాకు మాత్రం బుట్టలోకే.

పెరంబూరుపక్షి
గల్ఫ్ మాటొచ్చింది కాబట్టి: అమెరికా వెళ్లే తల్లిదండ్రులకి స్టాపోవర్ పెట్టేవాళ్లు ఇక్కడ చాలామంది. ఖతార్ ఎయిర్‌వేస్ హోటల్ ప్యాకేజీలు చవకే, ఎతిహాద్ అబుదాబిలో ఒకటి రెండు రాత్రులు హోటల్ ఉచితంగా ఇస్తోంది. ఇవన్నీ ఎయిర్‌లైన్ స్టాపోవర్ పేజీ నుంచి కొంటేనే, బయటి సైట్‌లో మల్టీసిటీ కొంటే కాదు. దోహాకి వీసా అక్కర్లేకపోయినా, హోటల్ బుకింగ్ డిస్కవర్ ఖతార్ (ఖతార్ ఎయిర్‌వేస్ వాళ్ల పర్యాటక సంస్థ) ద్వారా ఉండాలన్న షరతు ఉంది. అయినా మన పెద్దవాళ్లు పురుడు పొయ్యడానికి వెళ్లేది మే, జూన్‌లలో. ఆ ఎండలో దోహా, అబుదాబిలో పగలు గది దాటలేరు. ఇంకోటి, 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేశారు, ఎన్నో విమానాలు దారి మళ్లాయి. అలాంటప్పుడు ఒకే టికెట్ ఉన్నవాళ్లని గమ్యానికి చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడి టికెట్లవాళ్ల రెండో ఎయిర్‌లైన్‌కి మొదటి దానితో సంబంధం లేదు.

టికెట్‌కౌంటర్
పెద్దవాళ్ల విషయంలో ఒక చేర్పు. వీల్‌చెయిర్ అడిగినవాళ్లని కనెక్షన్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి వాళ్లే తీసుకెళ్తారు. స్టాపోవర్‌లో బయటి ద్వారం దగ్గర వదిలేస్తారు. రెండో ప్రయాణానికి వీల్‌చెయిర్ ఆ విమానానికి నమోదయిందో లేదో విడిగా చూసుకోవాలి, మొదటి ముక్కకే పడి ఉండటం మామూలే. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు ఒంటరిగా వెళ్తుంటే స్టాపోవర్ పెట్టకండి. పిల్లలు పక్కనుంటే మాత్రం మోకాళ్లకి మధ్యలో విశ్రాంతి మంచిదే, ఇందులో నేను ఇరవైమూడుగంటలు గారితో ఏకీభవించను. పన్ను ఆదా అయినంత మాత్రాన పెద్దవాళ్లని ఒక్క పూటలో ఊరంతా తిప్పలేం.

ఇరవైమూడుగంటలు
మీరు ఏకీభవించకపోయినా లెక్క మారదు సార్. నాలుగు టికెట్ల పన్ను, మూడు రాత్రుల గదులు రెండేసి, ఉదయపు అదనపు రాత్రి, లగేజీ టాక్సీలు. మనిషికి 14 వేలు అనుకున్నది ఎక్కడ తేలుతుందో కాగితం మీద వేసి చూడండి. అదే డబ్బుతో చెన్నై నుంచి ఇంకోసారి నేరుగా సింగపూర్ వెళ్లి రావచ్చు.

విడిటికెట్లవీరుడు
ఇంకోసారి వెళ్లాలంటే సెలవు ఎవరిస్తారు?

కిటికీసీటు
చాలా తెలిసింది, అందరికీ నమస్కారం. బెంగళూరు–సిడ్నీ నేరుగా వెళ్లే క్వాంటాస్‌నీ, తిరుగులో సింగపూర్‌నీ కలిపి ఒకే టికెట్‌గా అడగొచ్చా? బ్యాగులు తక్కువున్నప్పుడు ఆగడం మేలేమో అనిపిస్తోంది.

టికెట్‌కౌంటర్
అడగొచ్చు. బెంగళూరు–సిడ్నీ, సిడ్నీ–సింగపూర్, సింగపూర్–బెంగళూరు అని మూడు ముక్కలుగా. చివరి ముక్కలో క్వాంటాస్ భాగస్వామి ఎయిర్‌లైన్లలో దేని విమానం వస్తుందో, దాని లగేజీ పరిమితి ఎంతో చూసి కొనండి. కానీ తిరుగులో బ్యాగులు తక్కువుంటాయన్నది మీ ఆశ. సిడ్నీ నుంచి వచ్చేటప్పుడు మీ అమ్మగారి చేత బంధువులు మోయించేవి మీకింకా తెలియవు. చాంగీలో సామాను భద్రపరిచే చోటు ఉంది, పెద్ద పెట్టెలు అక్కడ పెట్టి ఊళ్లోకి చిన్న సంచితో వెళ్లండి. ఏజెంటు టికెట్టూ హోటలూ కలిపి ఒకే బిల్లు వేస్తానంటే వద్దనండి. అది విదేశీ టూర్ ప్యాకేజీ కింద లెక్కయి మొత్తం మీద టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. టికెట్ ఒక్కటే కొంటే ఆ గొడవ లేదు. తర్వాత ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ డబ్బు అప్పటిదాకా ఇరుక్కుపోతుంది.