అప్‌డేట్: ఏఐ రాసిందన్న టర్మ్ పేపర్ గొడవ తేలింది

బరంపురంలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను, సొంతంగా రాసిన పేపర్‌ని ఏఐ రాతని పట్టే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ 'ఏఐ రాత' అంటోంది, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ, అంటే ఎప్పుడేం రాశామో, ఏం మార్చామో చూపించే రికార్డు. పేపర్ దిద్దే మేడమ్ ఎదుటే తెరిచాను. రాత్రి పదకొండుకి రాసిన పేరా, పొద్దున్నే దాన్ని కొట్టేసి మళ్లీ రాసింది, అన్నీ టైముతో సహా ఉన్నాయి. చాట్‌జీపీటీతో గ్రామర్ దిద్దించుకున్నానని, రెండు రిఫరెన్సులు అడిగానని ఒప్పుకున్నాను. వెతికితే వాటిలో ఒకటి అసలు లేని వ్యాసం! మార్కులు పోయింది దానికే.

వేరే డిటెక్టర్ల స్క్రీన్‌షాట్లు దండగ, ఒక్కోటి ఒక్కో శాతం చూపించింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే తన డిటెక్టర్‌ని 2023 జులైలోనే తీసేసిందని మేడమ్‌కి ముందే తెలుసు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఇంగ్లీషు సొంత భాష కాదు కాబట్టి డిటెక్టర్ పొరబడిందేమో అని చెప్పుకోవాల్సిన పనే పడలేదు.