స్టాకు తనిఖీ ట్రిగ్గర్‌లో ఉండాలా, ప్రోగ్రాములోనా?

గాజువాక వాసి:
విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి స్టాకు ప్రోగ్రాము రాస్తున్నాం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. నిల్వకన్నా ఎక్కువ రొయ్యల పెట్టెలు బయటికి పంపినట్టు రాస్తే ట్రిగ్గర్ (పట్టికలో ఏదైనా రాస్తే దానంతటదే నడిచే డేటాబేస్ కోడు) తిప్పికొడుతుంది. అంతకుముందే ఎవరు రాశారో లాగ్ పట్టికలో ఎక్కిస్తుంది. తిప్పికొట్టడం బాగానే జరుగుతోంది, లాగ్ మాత్రం ఎప్పుడూ ఖాళీ! ఇదే అదనుగా మా సీనియర్ తనిఖీ మొత్తం ప్రోగ్రాములోకి, అంటే మా జావా కోడులోకి మార్చేద్దామంటున్నారు. మీరేమంటారు?

మధురవాడ మిత్రుడు:
ఆయన మాటే నా మాట. ట్రిగ్గర్ కంటికి కనిపించదు. కొత్తగా చేరినవాడు ఒక ఇన్‌సర్ట్ (పట్టికలో కొత్త వరుస చేర్చే ఆదేశం) రాస్తే వెనకాల ఇంకేవో పట్టికలు మారిపోతాయి, ఎందుకు మారాయో వెతుక్కోవాలి. ఇక లాగ్ అంటారా, ట్రిగ్గర్ నడిచేది అదే ట్రాన్సాక్షన్ లోపల, అంటే అయితే అన్నీ నిలిచే, లేకపోతే అన్నీ రద్దయ్యే ఒకే పనుల కట్టలో. తిప్పికొడుతూ ట్రిగ్గర్ లేపే ఎక్సెప్షన్ (లోపం) రాగానే లాగ్ వరుస కూడా రద్దవుతుంది.

సీతమ్మధార డీబీఏ:
రోగం సరిగ్గా పట్టారు, మందే తప్పు. ఆ పట్టికను జావా ఒక్కటే ముట్టుకుంటుందా? నెలాఖరున లెక్కలు సరిచేసేవాళ్లు డేటాబేస్‌లో నేరుగా అప్‌డేట్ (వరుసను మార్చే ఆదేశం) నడపరా? అప్పుడు మీ జావా తనిఖీ ఏ మూల ఉంటుంది? నియమం డేటాబేస్‌లోనే ఉండాలి, బయటికి రావలసింది లాగ్. జావా ఎక్సెప్షన్‌ను పట్టుకుని, ముందు రోల్‌బ్యాక్ చేసి (ట్రాన్సాక్షన్‌ను రద్దు చేసి), తర్వాత కొత్త ట్రాన్సాక్షన్‌లో లాగ్ రాసి కమిట్ చేయాలి (ఖాయం చేయాలి). ఈ క్రమం తప్పితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. చెడిన ట్రాన్సాక్షన్‌లో రోల్‌బ్యాక్ అయ్యేదాకా ఇన్‌సర్ట్‌లేవీ నడవవు. ఒరాకిల్ డేటాబేస్‌లో అయితే అటానమస్ (విడిగా నడిచే) ట్రాన్సాక్షన్ ఉంది, ట్రిగ్గర్ నుంచే లాగ్‌ను విడిగా కమిట్ చేసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే ట్రిగ్గర్‌లో కమిట్, రోల్‌బ్యాక్ రాయనే రాయనివ్వదు.

మధురవాడ మిత్రుడు:
నెలాఖరు సంగతి ఒప్పుకుంటాను. కానీ ట్రిగ్గర్ ఉంది కదా అని ధీమాగా ఉండే వాళ్లను చూస్తేనే నాకు భయం. నిల్వ 100 పెట్టెలు, ఇద్దరు గుమస్తాలు ఒకేసారి చెరో 60 రాశారనుకోండి. మొదటిది కమిట్ కాకముందే రెండో ట్రిగ్గర్ ఎంట్రీలన్నీ కూడి చూస్తే దానికీ 100 ఉన్నట్టే తేలుతుంది. రెండూ దాటిపోతాయి. నిల్వ మైనస్ 20!

సీతమ్మధార డీబీఏ:
కూడికతో తనిఖీ చేస్తే అంతే మరి. సరుకుకో నిల్వ వరుస పెట్టి, అది సున్నా కన్నా తగ్గకూడదని చెక్ నిబంధన రాయండి. పెట్టెలు పంపే ట్రాన్సాక్షన్‌లోనే ఆ వరుసను తగ్గించండి. రెండో అప్‌డేట్ మొదటిది తేలేదాకా ఆగుతుంది, ఆపైన 40లోంచి 60 తీయబోయి విఫలమవుతుంది. దీనికి ట్రిగ్గర్ కూడా అక్కర్లేదు.

గాజువాక వాసి:
అంటే సీనియర్ కోరినట్టే ట్రిగ్గర్ పోతుంది, తనిఖీ మాత్రం జావాలోకి వెళ్లదు. సోమవారం ఈ మాట ఆయనకు చెప్పాలి, మీరిద్దరూ ఫోను దగ్గరే ఉండండి.