5 ఎంఎం సన్‌బోర్డు అంచులు లేచి హెడ్ రాసుకుంది, మీరు షీట్లు ఎలా చూసుకుంటున్నారు?

బెజవాడ_బెడ్:
అన్నలూ, నిన్న మా షాపులో యూవీ ఫ్లాట్‌బెడ్ ప్రింటర్ (షీటుని బెడ్ అనే బల్ల మీద పరిచి నేరుగా ప్రింట్ చేసే మిషన్) మీద చిన్న యాక్సిడెంట్ అయింది. మొన్న మిట్టమధ్యాహ్నం ట్రాలీ ఆటోలో 40 షీట్లు 5 ఎంఎం సన్‌బోర్డు (పీవీసీ ఫోమ్ షీటు) దిగింది, లోపల జాగా లేక కుర్రాళ్ళు గోడకి ఆనించి పెట్టేశారు, పొద్దున్నే అర్జెంటని అందులోంచి ఒకటి తీసి బెడ్ మీద వేశాను. షీటుని కిందికి పీల్చి పట్టే వాక్యూమ్ ఆన్ చేస్తే మధ్యలో బానే పట్టింది కానీ ఓ మూల లేచే ఉంది, నేను చూసుకోలా. హెడ్‌కీ షీటుకీ మధ్య గ్యాప్ 2 ఎంఎం పెట్టా. మూడో పాస్‌లో కర్రుమని సౌండ్, ఎమర్జెన్సీ నొక్కేలోపే హెడ్లు మోసే క్యారేజ్ ఆ మూల మీదుగా పోయింది. ఇప్పుడు మెజెంటా హెడ్‌లో నాజిల్స్ (ఇంక్ చిమ్మే రంధ్రాలు) కొన్ని పోయాయి, ఎంత క్లీనింగ్ కొట్టినా రావట్లేదు. ఓనర్ మొహం చూడలేకపోతున్నా. అసలు షీటు కొనేటప్పుడు, పెట్టేటప్పుడు మీరేం చూస్తారో కాస్త చెప్పండి.

ఓరుగల్లు_యూవీ:
గోడకి ఆనిచ్చినవ్ అంటే అక్కడ్నే అయిపోయింది తమ్మీ. ఎండల వేడెక్కి వచ్చిన షీటు ఒక రాత్రి వంగి నిలబడ్డదంటే గా వంపు మళ్ల పోదు. మేం కట్టె చట్రం మీద పడుకోబెడ్తం, పైన ఒక పాత ఎండీఎఫ్ చెక్క షీటు బరువుకి. వచ్చిన రోజు ప్రింట్ చెయ్యం, ఒక రాత్రి రూంల ఉండాలె.

ఇంకోటి, వంగిన షీటే వెయ్యాల్సొస్తే పళ్ళెం లెక్క పెట్టకు, బోర్లించి పెట్టు. అంచులు బెడ్‌కి ఆనుతయి, గాలి బయటికి లీక్ గాదు, వాక్యూమ్ మధ్యల ఉన్న బుడిపెను కిందికి గుంజుతది. పళ్ళెం లెక్క పెడ్తే అంచుల కింది నుంచి గాలంత పోతది. సన్‌బోర్డు రెండు దిక్కులా ఒక్కటే కదా, నీకేం నష్టం? మిగిలిన వాక్యూమ్ బొక్కలు పాత ఫ్లెక్స్ ముక్కలతోని మూసెయ్. అప్పటికీ మూల లేస్తే టేపు కొట్టు, కానీ టేపు మందం గూడ గ్యాప్‌ల లెక్కేసుకో.

ఇంక్ ఆరబెట్టే యూవీ లైటు మీది మెర్క్యురీ ల్యాంపా, ఎల్ఈడీనా?

బెజవాడ_బెడ్:
పాత మెర్క్యురీయే అన్నా.

ఓరుగల్లు_యూవీ:
గట్లైతే మొదట్ల సాఫుగున్న షీటు గూడ సగం ప్రింట్‌కి వచ్చేసరికి వేడికి లేస్తది. సాలిడ్ బ్లాక్ ఉన్న జాబ్ అయితే ఆపరేటర్ పక్కకి పోవద్దు, చాయ్‌కి గూడ.

కొలత_మాస్టారు:
ఒక మాట. కొనేటప్పుడు మందం ఒక్కటే కాదండీ, షీటు తూకం వేయండి. నవ్వకండి. 8x4 షీటు 5 ఎంఎం, డెన్సిటీ 0.5 అని బిల్లులో రాస్తే అది సుమారు 7.4 కేజీలు ఉండాలి. మాకు ఒకసారి 6 కేజీలు కూడా తూగలేదు, వెర్నియర్ పెడితే ఒక మూల 4.9, ఇంకో మూల 4.5. డెన్సిటీ తగ్గితే బోర్డు మెత్తగా ఉంటుంది, గోరుతో నొక్కితే గుంట పడుతుంది, వేడికి తొందరగా వంగుతుంది. రేటు తక్కువని తెచ్చిందంతా పక్కన పడేశాం.

గ్యాప్ మాత్రం షీటు మీద రాసిన మందం చూసి పెట్టకండి, నాలుగు మూలలూ మధ్యా కొలిచి ఎక్కడ ఎత్తుంటే దాన్నిబట్టి పెట్టండి.

యాక్రిలిక్_బాధితుడు:
నా కథ వినండి, నవ్వుకోండి. ఒక హాస్పిటల్ వాళ్ళకి డోర్ నేమ్ ప్లేట్లు 60, క్లియర్ యాక్రిలిక్, వెనకనుంచి రివర్స్ (అద్దంలోలా తిరగేసి) ప్రింట్, దాని మీద వైట్ ఇంక్. ముందు లేజర్‌లో కట్ చేసేసి తర్వాత ప్రింట్ చేద్దాం అనుకున్నా, తుడవడానికి ఐపీఏ (ఒక రకం ఆల్కహాల్) గట్టిగా వాడా, అంచుల మీదంతా కారింది. పది నిమిషాలకి అంచుల నుంచి లోపలికి వెంట్రుకల్లాంటి పగుళ్ళు. లేజర్ వేడికి అంచులో టెన్షన్ మిగిలి ఉంటుందంట, దానికి ఆల్కహాల్ తగిలితే చిట్లుతుందంట, ఎక్స్‌ట్రూడెడ్ (మిషన్‌లోంచి ఒత్తి తీసిన) షీటైతే మరీనూ. ఇప్పుడు కాస్ట్ (అచ్చులో పోసిన) షీటే తెస్తున్నా, ముందు ప్రింట్, ఆ తర్వాతే కటింగ్. తుడవాలంటే గుడ్డ కొంచెం తడిపి పైపైన అంతే.

ఇంకో తలనొప్పి స్టాటిక్ కరెంటు. పైన ఫిల్మ్ సర్రున లాగితే చేతి వెంట్రుకలు లేచి నిలబడతాయి, ఆ షీటు మీద ఇంక్ వేస్తే అక్షరాల చుట్టూ పొగ పట్టినట్టు సన్న చుక్కలు. చలికాలం పొడి గాలికి ఇంకా ఎక్కువ. ఫిల్మ్ మెల్లిగా తీసి, ఎర్త్ చేసిన బెడ్ మీద కాసేపు వదిలేస్తాం, ఫ్లోర్ మీద తడిగుడ్డ పెడతాం. స్టాటిక్ పోగొట్టే అయొనైజర్ బార్ ఉన్నోళ్ళు అదృష్టవంతులు.

సైన్‌బోర్డు_చిన్నా:
ఆ గొట్టాల్లాంటి పీపీ (పాలీప్రొపిలీన్) షీటు, ఫ్లూట్ బోర్డు, దాని మీద ఇంక్ గోటితో గీకితే పొట్టులా వస్తోంది బ్రో. అదే స్టాక్ ఆర్నెల్ల కింద బానే పట్టింది.

కొలత_మాస్టారు:
అందుకే వచ్చింది. పీపీ మామూలుగా ఇంక్‌ని పట్టదు, దాని సర్ఫేస్ ఎనర్జీ (ఇంక్ ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే లెక్క) 30 డైన్ దగ్గరే ఉంటుంది, ఫ్యాక్టరీలో కరోనా ట్రీట్‌మెంట్ (పైపొరకి కరెంటు డిశ్చార్జ్ తగిలించడం) చేస్తే 40 పైకి వెళ్తుంది, నిలవ ఉన్నకొద్దీ అది దిగిపోతూ ఉంటుంది. ఆర్నెల్ల షీటు అంటే కష్టమే. ఇది చూసే డైన్ పెన్ ఒకటి కొనుక్కోండి, 38 పెన్‌తో గీస్తే గీత ముత్యాల్లా విడిపోతే ప్రైమర్ లేకుండా ప్రింట్ చెయ్యొద్దు. ఏ కొత్త స్టాకైనా ఓ ముక్క మీద వేసి, మర్నాడు బ్లేడుతో గళ్ళు గీసి టేపు అంటించి పీకి చూడండి. వెంటనే పీకితే సరిగ్గా తెలీదు.

ఏసీపీ_రాజు:
బయట పెట్టే బోర్డుకి ఏసీపీని (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) మించింది లేదు, ఇంత చెప్పాక ఎవరూ దాని పేరెత్తలేదేంటి. ఫిల్మ్ మీద బాణం గుర్తు ఉంటుంది, షీట్లన్నీ ఒకే దిక్కుకి వెయ్యండి, లేకపోతే సిల్వర్ షేడు ఎండలో రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒక పార్టీకి ఏసీపీ మీద 8 అడుగుల యాక్రిలిక్ బిగించి ఇచ్చాం, స్క్రూలు టైట్‌గా. మే నెలలో స్క్రూ దగ్గర్నుంచి ఫట్. యాక్రిలిక్ అల్యూమినియం కంటే దాదాపు మూడింతలు సాగుతుంది, 20 డిగ్రీలు పెరిగితే 8 అడుగులకి 3 ఎంఎం పైనే. అప్పట్నుంచి బొక్క పెద్దది వేసి వాషర్ పెడుతున్నాం.

బెజవాడ_బెడ్:
మాస్టారూ, తూకం వేశా. అయిదు షీట్లు తీస్తే 6.2 నుంచి 6.6. ఓనర్‌కి చూపించా, అప్పటిదాకా నన్ను తిట్టినాయన ఇప్పుడు డీలర్‌కి ఫోన్ చేసి తిడుతున్నాడు. మిగతావి బోర్లించి ఎండీఎఫ్ కింద పెట్టా. ఇంజనీరేమో ఆ హెడ్‌ని యెల్లోకి మారుద్దాం, అందులో గీతలు కంటికి ఆనవు అంటున్నాడు. ఎవరైనా చేశారా?

ఓరుగల్లు_యూవీ:
చేసినం. ఫ్లష్ మంచిగ కొట్టాలె, లేకుంటే వారం దాకా నారింజ రంగొస్తది. ఏడాది నడిచింది మాది.