జియో ఎనర్జీ పీహెచ్‌డీకి ‘ప్రొఫెషనల్ స్కిల్స్’ క్లాసులు తప్పనిసరి చెయ్యాలా?

రాతిపొర:
సైస్మిక్ డేటాతో (నేలలోకి పంపిన కంపనాల రికార్డు) బసాల్ట్ అనే లావా రాయి కింద ఏముందో చూడటం నా పని. జియో ఎనర్జీలో, అంటే భూమి లోపలి చమురు, గ్యాస్, వేడి వెతికే చదువులో, పీహెచ్‌డీ మూడో ఏడు. మా దగ్గర కమ్యూనికేషన్, టీమ్‌వర్క్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటూ మూడు వారాల వర్క్‌షాపులు పెట్టారు. హాజరు తప్పనిసరి. ఒక పూటంతా షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలో నేర్పారు! అక్కడ నా ప్రాసెసింగ్ జాబ్ సర్వర్ క్యూలో మూలుగుతోంది. ఫెలోషిప్ చూస్తే ఐదేళ్లే. ఇష్టమున్నవాళ్లే వెళ్లేలా ఉంటే చాలదా?

కోనసీమ కుర్రాడు:
షేక్‌హ్యాండ్‌కి నవ్వొచ్చింది అన్నా. కానీ మాది పాశర్లపూడి పక్క ఊరు. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. నేనప్పటికి పుట్టలేదు. ఆ రోజుల్లో రాత్రిళ్లు చీకటే పడలేదని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి జనం చనిపోయారు. ఇప్పుడు రిగ్ కనపడితే చాలు, ఊళ్లో మొదటి ప్రశ్న ‘నేల కుంగుతుందా?’ అనే. వచ్చిన సార్లు ‘ఏం కాదమ్మా’ అంటారు, లేదంటే గ్రాఫ్ చూపిస్తారు. రెండింటినీ ఎవరూ నమ్మరు.

పాత జియోఫోన్:
దక్షిణ కొరియా పోహాంగ్ సంగతి చూడండి. భూమి లోపలి వేడితో కరెంటు తియ్యడానికి లోపలికి నీళ్లు పంపారు. 2017 ఏప్రిల్‌లో తీవ్రత 3 దాటిన భూకంపం వచ్చింది. అయినా పంపింగ్ మళ్లీ చేశారు. నవంబర్ 15న 5.4 తీవ్రతతో పెద్దది వచ్చింది. దానికి కారణం ఆ ప్రాజెక్టేనని 2019లో ప్రభుత్వ కమిషన్ తేల్చింది.

రాతిపొర:
సర్, అది మాటతీరు లోపం కాదు, సైన్స్ లోపం. కింద ఉన్న ఫాల్ట్‌ని, అంటే రాతిపొరల్లో జారే పగులుని, ముందు గుర్తించలేదు. ఇంకో వర్క్‌షాపు పెడితే అది కనపడేదా?

పాత జియోఫోన్:
ఫాల్ట్ కనపడేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఏప్రిల్ తర్వాత ‘ఆపుదాం’ అనాల్సింది మనిషే కదా. పై వాళ్లకు గట్టిగా చెప్పడం, ఊరి వాళ్లకు ‘ఇంతవరకే తెలుసు’ అని ఒప్పుకోవడం మా తరానికి ఎవరూ నేర్పలేదు. నేను నలభై దాటాక, అదీ చీవాట్లు తిని నేర్చుకున్నా.

ఎస్ఆర్ఎఫ్ కష్టాలు:
హాల్లో ప్రొజెక్టర్ పెట్టి నేర్పితే ఇది వచ్చే పని కాదు. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ ల్యాబుల్లో చేసే ఏసీఎస్ఐఆర్ పీహెచ్‌డీల్లో సీఎస్ఐఆర్-800 అని పల్లెల కోసం 6 నుంచి 8 వారాల ప్రాజెక్టు ఉంది కదా. జియో ఎనర్జీ వాళ్లు దాన్ని బావుల పక్క ఊళ్లో చేస్తే సరి. ఒక్క షరతు: రిపోర్టు తెలుగులో రాసి ఆ ఊరి వాళ్లకే చదివి వినిపించాలి. మా గైడ్ ఒప్పుకోడు, అది వేరే విషయం.

రాతిపొర:
అలాగైతే మూడు కాదు, ఆరు వారాలైనా ఇస్తా. తమ్ముడూ, మీ ఊరొస్తే మాట్లాడే వాళ్లుంటారా?

కోనసీమ కుర్రాడు:
ఉంటారన్నా. సంక్రాంతికి మాత్రం రాకండి, ఎవరూ దొరకరు. గ్రాఫులు తేవద్దు.