అప్‌డేట్: మూతపడ్డ హోటల్ తెరిచాక పాతవాళ్లని వెనక్కి పిలవాలా?

కోవిడ్‌లో తీసేసినవాళ్లని వదిలేసి హోటల్ కొత్తవాళ్లని పెట్టుకుంటే ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. కాలిఫోర్నియా వరకు జవాబు దొరికింది: 2021 ఏప్రిల్ 16న సంతకమైన ఎస్‌బీ 93 చట్టం.

2021లో వచ్చినప్పుడు ఇది 50 గదులు, ఆపైన ఉన్న హోటళ్లకు వర్తించేది. 2020 జనవరి 1కి ముందు 12 నెలల్లో కనీసం 6 నెలలు పనిచేసి, కోవిడ్ వల్లే ఉద్యోగం పోయి ఉండాలన్నది అప్పటి షరతు. ఖాళీ ఏర్పడిన 5 పనిదినాల్లో హోటల్ రాతపూర్వకంగా పిలవాల్సి ఉండేది. జవాబుకి మనకు కనీసం 5 పనిదినాలు ఉండేవి. ఒకే పోస్టుకి ఇద్దరు అర్హులైతే సీనియారిటీదే పైచేయి.

ఎక్కువగా దెబ్బతినేది పాత అడ్రస్ దగ్గర. అద్దె కట్టలేక ఇల్లు మారినవాళ్ల పిలుపు పాత ఇంటికే పోతుంది. అందుకే అందరి కొత్త అడ్రస్, ఫోన్, ఈమెయిల్ హెచ్‌ఆర్‌కి రాసిచ్చి కాపీ దాచండి. చేరిన తేదీ, ఆఖరి పనిదినం, డిపార్ట్‌మెంట్‌తో ఉమ్మడి జాబితా రాసుకుని, హోటల్ ఇచ్చే ఉద్యోగ ప్రకటనలతో పోల్చండి. తేడా కనిపిస్తే స్క్రీన్‌షాట్లతో లేబర్ కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. యూనియన్ లేకపోయినా కలిసి అడిగే హక్కు ఫెడరల్ చట్టంలోనే ఉంది, సూపర్‌వైజర్లకి మాత్రం ఆ రక్షణ లేదు.

ఇన్సూరెన్స్: 2021 ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు అర్హులు కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా పాత ఆఫీసు హెల్త్ ప్లాన్‌లో కొనసాగే వీలు) ప్రీమియం కట్టక్కర్లేకపోయింది. భార్య లేదా భర్త ఆఫీసు ప్లాన్‌లో చేరే వీలుంటే ఈ మినహాయింపు వచ్చేది కాదు. హోటల్ తన ప్లాన్‌నే పూర్తిగా ఎత్తేసినా అంతే.